ఇంట్లో కట్టుకునే విమానానికి 60 లీటర్ల అల్యూమినియం పెట్రోలు ట్యాంకు: షీట్, అతుకులు, పరీక్ష

పెందుర్తి_రెక్కలు

సభ్యులందరికీ నమస్కారం. ఇద్దరు కూర్చునే హై వింగ్ (రెక్క పైన ఉండే) విమానాన్ని పెందుర్తిలోని మా షెడ్డులో కట్టుకుంటున్నాను. ఇంజను రోటాక్స్ 912. ఫ్యూజిలేజ్ (విమానపు ఒడలు) గొట్టాల పని ముగిసింది కనుక ఇప్పుడు పెట్రోలు ట్యాంకు వంతు వచ్చింది. ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉండే అడ్డుగోడ) ఇవతల, ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్‌కు ముందున్న ఖాళీలో 600 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. పొడవు, 270 మి.మీ. ఎత్తు గల పెట్టె పడుతుంది.

6061-టీ6 రకం, ఒక మిల్లీమీటరు మందం గల షీట్ తెచ్చి, గాజువాక ఆటోనగర్‌లో మడతలు వేయించి, ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలన్నది నా ఆలోచన. లోపల రెండు బాఫిల్ పలకలను (పెట్రోలు ఊగిసలాడకుండా ఆపే అడ్డు పలకలు) రివెట్లతో బిగించి, అంతా అయ్యాక లోపల స్లాషింగ్ సీలెంట్ పోసి నలువైపులా తిప్పితే, సూది రంధ్రాలేవైనా మిగిలినా మూసుకుపోతాయని అనుకుంటున్నాను. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతుల సంగతి వేరే చర్చలో నడుస్తున్నది కనుక ఇక్కడ ట్యాంకు గురించి మాత్రమే అడుగుతున్నాను. ఈ పద్ధతిలో లోపాలు ఉంటే షీట్ కొనకముందే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గాజువాక_ఆర్గాన్

పెందుర్తి గారూ, షీట్ కొనకముందే అడగడం మంచిదైంది. ముందుగా సీలెంట్ మాట వదిలేయండి. వెల్డు చేసిన ట్యాంకులో సీలెంట్ పోయడమంటే లీకు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఉన్న దారిని మనమే మూసుకోవడం. కొన్నేళ్లకు ఆ పూత పొరలు పొరలుగా లేచి, పెట్రోలు బయటికి వెళ్లే జాలీకి అడ్డం పడిన ఉదంతాలు పాత విమానాల్లో చాలా ఉన్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొన్ని రకాల పూతలను ఇంకా త్వరగా మెత్తబరుస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. చివర్లో సీలెంట్ పోస్తాం కదా అన్న ధీమా ఉంటే వెల్డరు చెయ్యి మొదటి అంగుళం నుంచే వదులవుతుంది.

రెండవది షీట్. 6061-టీ6 గట్టిదన్న మాట నిజమే కాని, ఆ గట్టిదనం వేడి చికిత్స వల్ల వచ్చినది. వెల్డు పక్కన అది పోతుంది. షీట్‌గా 310 మెగాపాస్కల్ దాకా తట్టుకునే లోహం వెల్డు దగ్గర సుమారు 165కు దిగుతుంది. 5052-హెచ్32 షీట్ 228 దగ్గర మొదలై, వెల్డు పక్కన మెత్తబడినా 190కి కాస్త పైనే నిలుస్తుంది. అంటే ట్యాంకులో పగులు రాగల చోట 6061 కన్నా 5052 మెరుగు. పైగా 6061-టీ6ను మడవాలంటే లోపలి వంపు వ్యాసార్ధం మందానికి మూడు రెట్లయినా ఉండాలి. లేకపోతే మడత వెలుపలి అంచున సన్నని చీలికలు వస్తాయి. 5052 దాదాపు మందమంత వ్యాసార్ధానికే సులువుగా వంగుతుంది. 3003 కూడా వెల్డింగుకు మంచిదే కాని బలం తక్కువ. 2024, 7075 షీట్లను ఎవరైనా చవకగా ఇస్తామన్నా ఈ పనికి తీసుకోవద్దు. ఆర్గాన్ వెల్డింగులో అవి చల్లారుతూనే పగుళ్లు తీస్తాయి.

మిల్లు టెస్టు సర్టిఫికెట్ లేని షీట్ కొనవద్దు. చూడడానికి అన్ని అల్యూమినియం షీట్లూ ఒకేలా ఉంటాయి.

సింధియా_రోడ్డు

నేను ఓడల నిర్మాణంలో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మన ఊళ్లో 5083 ప్లేటు ముక్కలు దొరకడం కష్టం కాదు. ఉప్పు నీటినే తట్టుకునే లోహం పెట్రోలును తట్టుకోదా? వెల్డింగులో కూడా దాని బలం 5052 కన్నా ఎక్కువ. మందం కొద్దిగా ఎక్కువైతే వెల్డరుకు పని సులువవుతుంది, రంధ్రాలూ పడవు. ఈ దారిని ఎందుకు ఆలోచించకూడదని అడుగుతున్నాను.

లెక్కల_మాస్టారు

సింధియా గారూ, బలం విషయంలో మీరు చెప్పినది సరైనదే. అయితే ఓడల పనిలో మిగిలే ముక్కలు సాధారణంగా 3 మి.మీ., అంతకు మించిన మందంలో ఉంటాయి. ఈ పెట్టె ఆరు ముఖాల వైశాల్యం 1.02 చదరపు మీటర్లు. 3 మి.మీ. 5083తో చేస్తే బాఫిళ్లు, అమరికలు లేకుండానే 8 కిలోలు దాటుతుంది. 16 గేజి, అంటే 1.63 మి.మీ. 5052 షీట్‌తో 4.4 కిలోలు, 18 గేజి, అంటే 1.22 మి.మీ. షీట్‌తో 3.3 కిలోలు వస్తుంది. మరొక సంగతి ఏమిటంటే, మెగ్నీషియం మూడు శాతం దాటిన 5083 వంటి లోహాలను 65 డిగ్రీల సెల్సియస్ పైన చాలాకాలం ఉంచితే స్ఫటికాల అంచుల వెంట తుప్పు పట్టే గుణం వస్తుంది. ఫైర్‌వాల్ పక్కన, ఎండలో నిలిపిన విమానంలో ఆ వేడి రాదని నేను హామీ ఇవ్వలేను. 5052లో మెగ్నీషియం రెండున్నర శాతమే కనుక ఆ చింత లేదు.

పెందుర్తి గారు అనుకున్న ఒక మిల్లీమీటరు మాత్రం మరీ పలచన. 18 గేజికి, 16 గేజికి మధ్య తేడా 1.1 కిలోలు. 60 లీటర్ల పెట్రోలే 44 కిలోలు ఉన్నప్పుడు ఆ కిలో కోసం వెల్డరును కత్తి అంచున నడిపించడం నాకు సమ్మతం కాదు. 16 గేజి తీసుకోండి. 4 అడుగులు 8 అడుగుల షీట్ ఒకటి కొంటే ట్యాంకుకు, బాఫిళ్లకు పోను, అభ్యాసపు ముక్కలకు కూడా బోలెడు మిగులుతుంది.

మురళీనగర్_రివెట్

వెల్డింగే ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆర్‌వీ కిట్లలో రెక్కలోని ట్యాంకులన్నీ రివెట్లతో బిగించి, పాలీసల్ఫైడ్ సీలెంట్‌తో అతికినవే. వేలకొద్దీ విమానాలు అలా ఎగురుతున్నాయి. వేడి ఉండదు, వంకరలు ఉండవు, వెల్డరు కోసం తిరగనక్కరలేదు.

గాజువాక_ఆర్గాన్

మురళీనగర్ గారూ, ఆ పద్ధతిని తక్కువ చేయడం లేదు. అక్కడ ట్యాంకు రెక్క నిర్మాణంలోనే భాగం, షీట్ 2024 రకం. వెల్డు చేయడానికి వీలే లేదు కనుక ఆ మార్గం సహజమైనది. సీలెంట్ కూడా రివెట్లు వేయకముందే అతుకు మధ్యలో పూస్తారు. చివర్లో పోసి తిప్పే పూతతో దానికి పోలిక లేదు. పెందుర్తి గారిది విడి పెట్టె, అదీ మనిషి మోకాళ్ల ముందు. అక్కడ వందల రివెట్ల కన్నా కొన్ని మీటర్ల వెల్డు అతుకు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

పెందుర్తి_రెక్కలు

అందరికీ కృతజ్ఞతలు. 5052-హెచ్32, 16 గేజి అని నిర్ణయించుకున్నాను. సీలెంట్ ఆలోచన మానుకున్నాను. ఇక మూలల దగ్గర రెండు షీట్ల అంచులను లంబకోణంలో ఆనించి వెల్డు చేయించాలా, మరో విధంగా చేయించాలా అన్నది తేలలేదు. బాఫిళ్లను రివెట్లతో బిగిస్తే ప్రతి రివెట్టూ ఒక లీకు కాగలదన్న భయం కూడా ఇప్పుడు పట్టుకుంది.

గాజువాక_ఆర్గాన్

ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే జవాబు చెప్పాలి, ఎందుకంటే ట్యాంకు కారుతుందా లేదా అన్నది చాలావరకు కాగితం మీద అతుకు గీసినప్పుడే తేలిపోతుంది.

లంబకోణంలో ఆనించిన మూలను పలచని షీట్‌లో వెల్డు చేస్తే అంచు ఒకచోట కరిగి వెనక్కి పోతుంది, మరొకచోట అతకకుండా మిగులుతుంది. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పొడవైన అతుకు చివరికి వచ్చేసరికి అంచులు కలవనే కలవవు. దానికి బదులు నాలుగు పక్కలను ఒకే షీట్‌తో చుట్టి, రెండు చివరి పలకలను పళ్లెంలా మడవండి. వాటి అంచులు 10 మి.మీ. మేర బయటివైపు తిరిగి ఉండాలి. పళ్లేన్ని చుట్టులోకి దూర్చినప్పుడు రెండు షీట్ల అంచులూ పక్కపక్కనే సమంగా నిలుస్తాయి. వెల్డు ఆ జంట అంచు మీద పడుతుంది. కరగడానికి రెండు మందాల లోహం ఉంటుంది, అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చల్లారేటప్పుడు వచ్చే లాగుడును పళ్లెం మడత మింగేస్తుంది. చుట్టు షీట్ రెండు కొసలు కలిసే అతుకును పై ముఖం మీదకు తెచ్చుకోండి, అడుగున పెట్టవద్దు.

రెండు అంచులను రాడ్డు లేకుండా కరిగించి కలిపేయవచ్చునని కొందరు చెబుతారు. 6061 అయితే అలా చేసిన చోట నిలువునా పగులుతుంది. 5052లో కూడా ఆ సాహసం వద్దు. 5356 రాడ్డును పొదుపుగానైనా వేస్తూ పోవాలి. మా షాపుల్లో 4043 రాడ్డే ఎక్కువగా చేతికి దొరుకుతుంది కాబట్టి ఏ రాడ్డు వాడుతున్నారో అడిగి, డబ్బా మీద చదివి మరీ చూసుకోండి.

బాఫిళ్ల సంగతి. పలకకు అంచులు మడిచి, మధ్యలో పెద్ద రంధ్రాలు కోసి, వాటి అంచులను కూడా కాస్త మలిస్తే బరువు తగ్గి బిగువు వస్తుంది. అడుగు మూలలు కోసేస్తే పెట్రోలు, పై మూలలు కోసేస్తే గాలి అటూ ఇటూ పారుతాయి. చుట్టు షీట్‌లో 6 మి.మీ. రంధ్రాలు వేసి, వాటిలోంచి బాఫిల్ అంచుకు ప్లగ్ వెల్డు చేయించండి. రివెట్లే కావాలంటే మెత్తని అల్యూమినియం రివెట్లు వేసి, తలల మీద వెల్డుతో మూసే పాత పద్ధతి ఉంది. అదీ పని చేస్తుంది. బాఫిల్ అంచును మూల దాకా తెచ్చి బిగించకండి. ట్యాంకు గోడ ఇంజను అదురుకు ఊపిరి తీసినట్లు లోపలికీ బయటికీ కదులుతూ ఉంటుంది. బిగువు హఠాత్తుగా ముగిసే బిందువు దగ్గరే పగులు మొదలవుతుంది. చివరి ప్లగ్‌కు, మూలకు మధ్య 30 నుంచి 40 మి.మీ. వదిలితే గోడకు వంగే చోటు దొరుకుతుంది.

పెట్రోలు గొట్టాలు బిగించే బాస్‌లను 6061 కడ్డీ నుంచి లేతులో తీయించేటప్పుడు, షీట్‌కు అతికే అంచు దగ్గర షీట్ మందానికి దగ్గరగా పలచని పెదవి ఉంచమని చెప్పండి. మందపు బాస్ కరిగేలోపు పలచని షీట్ కారిపోవడం ఇలాంటి పనిలో అతి సాధారణంగా జరిగే నష్టం.

సింధియా_రోడ్డు

గాజువాక గారు అతుకు గురించి చెప్పినదానికి నేను శుభ్రత గురించి చేర్చాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడు పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితేగాని కరగదు. ఆ పొరను, నూనెను తీయకుండా చేసిన వెల్డు పైకి ఎంత అందంగా ఉన్నా లోపల బొక్కలతో నిండి ఉంటుంది. ముందు అసిటోన్‌తో నూనె తుడిచి, తరువాత అల్యూమినియానికి మాత్రమే కేటాయించిన స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో గీకాలి. ఈ వరుస తిరగబడితే నూనెను లోహంలోకే రుద్దినట్లవుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో ఎట్టి పరిస్థితిలోనూ తుడవవద్దు; ఆర్కు వెలుతురుకూ వేడికీ దాని ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

మన ఊరి గాలిలోని తేమ కూడా తక్కువ శత్రువు కాదు. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు పట్టి ఉంచుకోలేక బుడగలుగా వదులుతుంది. ఆ హైడ్రోజన్ ఎక్కువగా తేమ నుంచీ, నూనె నుంచీ వస్తుంది. ఏసీ గదిలో ఉంచిన రాడ్లను, షీట్‌ను సరాసరి షెడ్డులోకి తెచ్చి వెల్డు మొదలుపెడితే వాటి మీద కంటికి కనిపించని చెమ్మ చేరి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తలుపులు తెరిచి పని చేస్తే ఆర్గాన్ తెర చెదిరిపోతుంది. పొద్దుటి పూట, తలుపులు మూసి, షీట్‌ను చేతికి వెచ్చగా తగిలే దాకా కాచి పని చేయించండి.

గాజువాక_ఆర్గాన్

సింధియా గారు చెప్పినది అక్షరాలా నిజం. యంత్రం సంగతి కూడా చెబుతాను. ఆల్టర్నేటింగ్ కరెంటు (ఏసీ) ఇచ్చే టిగ్, అంటే ఆర్గాన్ వెల్డింగ్ యంత్రం, శుద్ధ ఆర్గాన్ నిమిషానికి 7, 8 లీటర్లు, 1.6 మి.మీ. లేదా 2.4 మి.మీ. టంగ్‌స్టన్ ఎలక్ట్రోడు, 16 గేజి జంట అంచుకు సుమారు 60 నుంచి 80 ఆంపియర్లు. అక్కడి నుంచి కాలి పెడల్ చూసుకుంటుంది. ప్రతి 30 మి.మీ.కు ఒక టాక్ (అంచులను పట్టి ఉంచే చిన్న వెల్డు చుక్క) వేసి, ఒకే దిక్కున పోకుండా ఎదురెదురు భాగాలు మార్చుకుంటూ పూర్తి చేయాలి. ఎక్కడ ఆపినా కరెంటును మెల్లగా తగ్గిస్తూ రాడ్డుతో గుంట నింపి ఆపాలి. సూది రంధ్రాలు, చుక్క పగుళ్లు ఆగిన చోటనే పుడతాయి.

చివరి అతుకు మూసేటప్పుడు పెట్రోలు పోసే మూతి గాని, వెంట్ (గాలి గొట్టం) బాస్ గాని తెరిచి ఉండాలి. అన్నీ మూసేసి ఉంటే లోపల వేడెక్కిన గాలి చివరి అంగుళంలో కరిగిన లోహాన్ని ఊదుకుంటూ బయటికి వస్తుంది. వెల్డరు మళ్లీ మళ్లీ పూడుస్తాడు, అది మళ్లీ మళ్లీ ఊదుతుంది.

ఎంవీపీ_కాలనీ_912

ఒక ప్రశ్న, దానితో పాటు ఒక హెచ్చరిక. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలు 20 శాతం ఇథనాల్‌తో వస్తున్నది. 912 ఇంజనుకు రోటాక్స్ అనుమతించేది 10 శాతం వరకే. ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలును ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదరలో తయారు చేస్తున్నది, కనుక ఆ దారి ఉంది. అయితే అందులోని సీసం వల్ల ఇంజను నూనెను త్వరగా మార్చుకోవాలి. ట్యాంకు వరకు చూస్తే ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది కాబట్టి డ్రెయిన్ చేసిన సీసాలో నీటి బొట్టు కనిపించలేదని సంతోషించడానికి వీల్లేదు. నీరు మితిమీరినప్పుడు ఒక్కసారిగా విడిపోయి అడుగున చేరుతుంది, అక్కడి అల్యూమినియం గుంటలు పడుతుంది. పెందుర్తి గారు అడుగున సంప్ (నీరు, మడ్డి చేరే గుంట) పెడుతున్నారా?

పెందుర్తి_రెక్కలు

అడుగు షీట్‌ను ఒక మూలకు వాలుగా మడిపించి, ఆ మూలలో డ్రెయిన్ బాస్ పెట్టాలనుకున్నాను. ఎంత లోతు ఉండాలో తెలియదు. పరీక్ష ఎంత ఒత్తిడితో చేయాలో కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు

మన విమానాలకు కట్టుబాటు కాకపోయినా, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చిన్న విమానాలకు పెట్టిన 23వ భాగం నిబంధనలు 2017లో తిరగరాయకముందు ఈ అంకెలన్నీ స్పష్టంగా చెప్పేవి. నేను ఇప్పటికీ వాటినే కొలమానంగా పెట్టుకుంటాను. సంప్ ట్యాంకు సామర్థ్యంలో 0.25 శాతం గాని, గ్యాలన్‌లో పదహారో వంతు గాని, ఏది ఎక్కువైతే అంత ఉండాలి. మీ ట్యాంకుకు మొదటిది సుమారు 160 మి.లీ., రెండవది దాదాపు 240 మి.లీ. కనుక 240 పెట్టుకోండి. విమానం నేల మీద నిలిచిన భంగిమలో ఆ మూలే అన్నిటికన్నా కిందకు రావాలి. తోక చక్రం విమానమైతే ఈ లెక్క ఎగిరే భంగిమకన్నా వేరుగా ఉంటుంది. పైన రెండు శాతం, అంటే 1.3 లీటర్లు, వ్యాకోచానికి ఖాళీ వదలాలి. పోసే మూతి గొట్టాన్ని ఆ మేరకు లోపలికి దింపితే నిండా పోయడానికే వీలుండదు. ఇంజనుకు పోయే బాస్ లోపల అంగుళానికి 8 నుంచి 16 కన్నుల జాలీ ఉండాలి. ఫైర్‌వాల్‌కూ ట్యాంకుకూ మధ్య కనీసం అర అంగుళం ఎడం ఉండాలి.

పరీక్ష ఒత్తిడి ఆ నిబంధనలో 3.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). చదవడానికి చిన్న అంకెలా ఉంటుంది. మీ ట్యాంకు పై ముఖం మీద అది దాదాపు 590 కిలోల తోపుడు. బాఫిళ్లు గోడలను సరిగా పట్టుకోకపోతే ట్యాంకు దిండులా ఉబ్బి, మళ్లీ పూర్వరూపానికి రాదు. అందుకే ముందు 1.5 పీఎస్ఐతో లీకులు చూసుకుని, అవన్నీ మూసిన తరువాతే ఒక్కసారి 3.5కు వెళ్లమంటాను.

కంప్రెసరును నేరుగా తగిలించకండి. సైకిలు పంపు, ప్లాస్టిక్ గొట్టంతో చేసిన నీటి మానోమీటరు చాలు. 1.5 పీఎస్ఐ అంటే 1,055 మి.మీ. నీటి ఎత్తు. గొట్టం పై కొస తెరిచి ఉంటుంది కాబట్టి ఒత్తిడి మితిమీరితే నీరు చిమ్మి బయట పడుతుంది, ట్యాంకు బతుకుతుంది. రీడింగు చదివేటప్పుడు జాగ్రత్త పడాలి. లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే నీరు 38 మి.మీ. వరకు లేస్తుంది. పైగా ఈ అక్షాంశాల్లో వాతావరణ పీడనం ఉదయం పది ప్రాంతంలో హెచ్చి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఆ తేడా కూడా నీటి ఎత్తులో 30 మి.మీ. దాకా ఉండవచ్చు. ఈ రెండూ కలిసి చిన్న లీకును పూర్తిగా కప్పేయగలవు. కాబట్టి సాయంత్రం నింపి, మర్నాడు అదే వేళకు, ట్యాంకు గోడ అదే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు పోల్చండి.

సింధియా_రోడ్డు

మాస్టారు 3.5 దాకా వెళ్లమనడం నాకు ఇష్టం లేదు. చదునైన గోడల పలచని పెట్టెకు ఆ పరీక్ష మేలు కన్నా కీడు చేస్తుంది. ఓడల్లో మేము అతుకులకు చేసే సుద్ద, కిరోసిన్ పరీక్ష ఒత్తిడి లేకుండానే ఇంకా సన్నని రంధ్రాన్ని పట్టిస్తుంది. వెల్డు బయటివైపు సుద్దనీళ్లు పూసి ఆరనివ్వాలి. లోపల కిరోసిన్ పోసి ట్యాంకును ఒక్కో పక్కకు తిప్పి ఉంచాలి. సబ్బు నురగలో కనిపించని రంధ్రం కూడా తెల్లని సుద్ద మీద జిడ్డు మరకగా బయటపడుతుంది.

లెక్కల_మాస్టారు

సుద్ద పరీక్ష లీకునే చెబుతుంది, బలాన్ని చెప్పదు. విమానం ముందుకు 9 జీ (గురుత్వాకర్షణకు తొమ్మిది రెట్లు) ధాటికి ఆగినప్పుడు పెట్రోలుతో కలిపి 49 కిలోల ట్యాంకు 440 కిలోలుగా పట్టీల మీద పడుతుంది; అప్పుడు గోడ నిలుస్తుందా అన్నదానికి మరేదైనా ఆధారం కావాలి కదా. ఈ విషయంలో మనిద్దరికీ అభిప్రాయభేదం ఉందని పెందుర్తి గారు గమనించి, తామే నిర్ణయించుకోవచ్చు.

గాజువాక_ఆర్గాన్

వరుస మాత్రం తప్పనివ్వకండి. గాలి, సబ్బునీళ్ల పరీక్ష ముందు, కిరోసిన్ తరువాత. కిరోసిన్ గాని, డై పెనెట్రెంట్ (పగుళ్లను చూపించే రంగు ద్రవం) గాని రంధ్రంలో చేరాక అక్కడ మళ్లీ వెల్డు చేస్తే నల్లని బూడిద తప్ప ఏమీ రాదు. ఆ భాగాన్ని గీకి, కడిగి, ఆరబెట్టి మొదలుపెట్టాలి. లీకు ఉన్న చోట పైన ఒక బొట్టు వేసి కప్పకుండా, పాత వెల్డును కొంత తొలిచి కొత్తగా కట్టాలి.

పెట్రోలు చూసిన ట్యాంకును మాత్రం ఏ షాపుకూ తెచ్చి "ఒక్క బొట్టే కదా" అనవద్దు. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం దాకా పెట్రోలు ఆవిరి ఉంటే చాలు, పేలుతుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. అడుగున, రెండు షీట్ల సందులో మిగిలిన తడి వేడికి ఆవిరై వస్తుంది. వేడి నీళ్లతో, డిటర్జెంటుతో పలుమార్లు కడిగి, వెల్డు చోటు దాకా నీళ్లు నింపి, మిగిలిన ఖాళీని ఆర్గాన్‌తో నింపితేగాని నేను టార్చి ముట్టుకోను.

పెందుర్తి_రెక్కలు

పళ్లెం అంచు నమూనాతో అర అడుగు పెట్టె ఒకటి అభ్యాసానికి చేయించాను; అతుకును కోసి చూస్తే రెండు అంచులూ పూర్తిగా కలిసి ఉన్నాయి. 1.5 పీఎస్ఐ పరీక్ష, ఆ తరువాత సుద్ద పరీక్ష చేయిస్తాను. 3.5 విషయం బాఫిళ్ల ప్లగ్‌లు పూర్తయ్యాక, గోడ ఎంత ఉబ్బుతున్నదో స్కేలుతో కొలుస్తూ నిర్ణయించుకుంటాను. చివరిగా ఒక ప్రశ్న: పట్టీల కింద ఉన్ని ఫెల్టు పెట్టమని ఒక మిత్రుడు అన్నాడు. సరైనదేనా?

ఎంవీపీ_కాలనీ_912

ఫెల్టు వద్దు. అది తేమను, కారిన పెట్రోలును పీల్చి పట్టుకుంటుంది. సముద్రపు గాలిలో దాని కింద అల్యూమినియం మచ్చలు తేలడం ఖాయం. నూనె తగిలినా చెడని నైట్రైల్ రబ్బరు షీట్‌ను పట్టీకీ ట్యాంకుకూ మధ్య అతికించండి. పట్టీలు బాఫిళ్ల మీదుగా పోయేలా చూడండి, రెండు బాఫిళ్ల మధ్య ఉత్త గోడ మీద బిగిస్తే మాస్టారు చెప్పిన 440 కిలోలూ ఆ గోడ మీదే పడతాయి. పోసే మూతి నుంచి ఫ్యూజిలేజ్ గొట్టానికి ఎర్తు తీగ విడిగా వేయండి, రబ్బరు మీద కూర్చున్న ట్యాంకుకు దానంతట అదే ఎర్తు అందదు.

గాజువాక_ఆర్గాన్

బాస్‌ల మర లోపల టెఫ్లాన్ టేపు చుట్టవద్దని కూడా మీ ఫిట్టరుకు చెప్పండి. తెగిన పోగులు కార్బురేటరు దాకా పోతాయి. పెట్రోలుకు తట్టుకునే పేస్టు సీలెంట్‌ను మొదటి రెండు మరలు వదిలి పూయాలి. చుట్టు షీట్ మడతలు వేయించే ముందు గీత కాగితం ఇక్కడ పెడితే బాఫిల్ ప్లగ్‌ల స్థానాలు ఒకసారి చూసి చెబుతాను.